నీటి అడుగున పచ్చని తివాచీ



తివాచీ అనగానే మన తెలుగువారికి ఓరుగల్లు, ఏలూరు జ్ఞప్తికి వచ్చును. అచ్చట నేతగాండ్రు మగ్గము మీద పోగుపోగుగా ముడులు వేసి తివాచీలను నేయుదురు. నేడు మేము ముచ్చటింపబోవు తివాచీ మగ్గము మీద నేసినది కాదు. అది గాజు తొట్టిలో, నీటి అడుగున, నాలుగు వ్రేళ్ల మందము మట్టి మీద తనంతట తాను అల్లుకొను తివాచీ. దానికి పోగులు చిన్న చిన్న మొక్కలు. ఆ పోగులను అల్లునది వెలుతురు. ఆ వెలుతురు కొరకు ఎట్టి దీపమును ఎన్నుకొనవలెను అనునదే నేటి విషయము.

హైదరాబాదు నగరమునకు పడమట నున్న శేరిలింగంపల్లి ప్రాంతమును ఎరుగనివారు నేడు అరుదు. 1974లో స్థాపితమైన హైదరాబాదు విశ్వవిద్యాలయము గచ్చిబౌలిలో విశాలమైన ఆవరణమును కలిగియున్నది. 1998వ సంవత్సరము నవంబరు 22వ తేదీన మాదాపురములో సైబర్ టవర్స్ ప్రారంభమైనది. నాటినుండి నల్లరాతి గుట్టల నడుమ, చెరువుల ప్రక్కన, పదులకొలది అంతస్తుల మేడలు లేచినవి. ఆ మేడలలో కాపురముండు కుటుంబములకు పెరడు లేదు, తులసికోటకు తగిన ముంగిలి లేదు. పచ్చదనము మీది మమకారము మాత్రము మనిషిని విడువదు. అందువలన కొందరు వసారాలో కుండీలు పెట్టుకొనుచున్నారు. మరికొందరు హాలులో గాజు తొట్టి నుంచి, అందు చేపలతోపాటు ఒక చిన్న పచ్చికబయలును పెంపవలెనని ముచ్చటపడుచున్నారు.

ఆ ముచ్చట తీరుట, తీరకపోవుట చాలవరకు దీపము మీద ఆధారపడియున్నది. అంగడికి పోయినచో దీపపు పెట్టె మీద ఇన్ని వాట్లు అనియు, ఇన్ని ల్యూమెన్లు అనియు, ఇన్ని కెల్విన్లు అనియు అచ్చువేసి యుండును. అందు ఏ అంకె మన మొక్కకు పనికివచ్చునో చెప్పువారు తక్కువ. ఎక్కువ కాంతి నిచ్చు దీపమే మంచిదని తలచి అన్నిటికంటె ప్రకాశవంతమైనదానిని కొని తెచ్చిన ఇండ్లలో నెల తిరుగకమునుపే తివాచీకి మారుగా పాచి పరచుకొనుట మేము చూచితిమి. కావున ముందుగానే మా అభిప్రాయము చెప్పుచున్నాము. తొట్టి అడుగున ఉన్న మొక్క ఎంత వెలుతురును వినియోగించుకొనగలదో అంతే ఇయ్యవలెను. అంతకు మించి ఇచ్చినది మొక్కకు కాక పాచికి ఆహారమగును. ఈ మాటను ఇప్పుడు కొంత వివరింతము.

మొదట మొక్కల సంగతి. తివాచీవలె పరచుకొను మొక్కలు ఒక్క జాతివి కావు. వరిమళ్లలోను, చెరువు గట్ల మీదను నాలుగు రేకుల ఆకుతో కనబడు మార్సీలియా మీరు చూచియే యుందురు. అది పూవు పూయని ఫెర్ను జాతి మొక్క. దాని బంధువులలో చిన్న ఆకులు గలవి కొన్ని తొట్టిలో తివాచీగా పెరుగును. వెంట్రుకలవంటి సన్నని కాడలతో నిలుచు హెయిర్ గ్రాస్ మన పొలములలోని తుంగకు జ్ఞాతి. అర్జెంటీనా నుండి వచ్చిన మాంటీ కార్లో అను మొక్క గుండ్రని ఆకులతో ప్రాకును. క్యూబా దేశపు హెమియాంథస్ మొక్క ఆకు ఇంచుమించు ఆవగింజంత యుండును. గ్లాసోస్టిగ్మా అనునది న్యూజిలాండు, ఆస్ట్రేలియా దేశములది. వీనిలో మార్సీలియా కొద్ది వెలుతురుతో తృప్తిపడును. హెయిర్ గ్రాస్, మాంటీ కార్లో మధ్యతరగతివి. క్యూబా మొక్కయు, గ్లాసోస్టిగ్మాయు వెలుతురు ఎక్కువగా కోరునవి.

ఇవి నేలబారుగా ప్రాకుట కేవలము వాని జన్మస్వభావము కాదు. నీడన మొలచిన నారు బక్కచిక్కి పొడవుగా సాగుటను రైతులు ఎరుగుదురు. వెలుతురు చాలని మొక్క దానిని వెదకికొనుచు పైకి పోవును. వెలుతురు చాలినంత దొరకిన మొక్కకు పైకి పోవలసిన అగత్యము లేదు; అది కణుపుకణుపునకు వేరు దించి ప్రక్కలకు వ్యాపించును. గ్లాసోస్టిగ్మాను మసక వెలుతురులో పెంచినచో నిటారుగా లేచి చిన్న పొదవలె నగును. మంచి వెలుతురులో అదే మొక్క మట్టికి అంటుకొని పరచుకొనును. కావున తివాచీ ఏర్పడుటకు దీపము ముఖ్యకారణము. అయితే ఆ దీపము పై నుండి చూచువారి కంటికి గాక అడుగున ఉన్న ఆకునకు తగినదై యుండవలెను.

కంటికిని ఆకునకును ఒకటే కొలత పనికిరాదు. మన కన్ను పసుపుతో కలిసిన ఆకుపచ్చ కాంతిని, అనగా 555 నానోమీటర్ల అలపొడవు గల వెలుతురును, అన్నిటికంటె ప్రకాశవంతముగా చూచును. ల్యూమెను, లక్సు అను కొలతలు ఈ కంటి స్వభావమును బట్టి ఏర్పడినవి. దీపము నుండి వెలువడు మొత్తము వెలుతురును ల్యూమెన్లలోను, ఒక చదరపు మీటరు మీద పడు వెలుతురును లక్సులలోను లెక్కింతురు. ఆకు లెక్క వేరు. 400 నుండి 700 నానోమీటర్ల వరకు గల వెలుతురంతయు దానికి పనికివచ్చును. ఆ మేరలోని కాంతికణములు ఒక చదరపు మీటరు మీద సెకనుకు ఎన్ని పడినవో లెక్కపెట్టి, దానిని మైక్రోమోలులలో చెప్పుదురు. దీనినే పార్ కొలత యని తొట్టెల పెంపకము చేయువారు వాడుకగా పిలుచుచున్నారు.

ఆకు ఎరుపు, నీలి కాంతులను మాత్రమే గ్రహించి ఆకుపచ్చ కాంతిని త్రోసివేయునని ఒక నమ్మకము కలదు. ఆ నమ్మకముతో కొందరు ఊదారంగు వెలుగును చిమ్ము దీపములను కొనుచున్నారు. ఇందు సగమే నిజము. పత్రహరితము ఎరుపును, నీలిమను ఎక్కువగా పీల్చుమాట వాస్తవము. అయితే మెక్‌క్రీ అను శాస్త్రజ్ఞుడు అనేక పంటమొక్కల ఆకులను రంగురంగుల వెలుతురులో పరీక్షించి 1972లో ప్రకటించిన ఫలితములు ఆకుపచ్చ కాంతియు కిరణజన్య సంయోగక్రియకు బాగుగనే తోడ్పడునని చూపినవి. కావున మామూలు తెల్లని దీపము మొక్కకు చాలును. ఊదారంగు వెలుతురులో మొక్క బ్రతికినను, చేపలు వికృతముగా కనబడును. చూచువారికి కన్నులు నొచ్చును. హాలులో నుంచు తొట్టికి కన్నుల సుఖము కూడ ముఖ్యమే కదా.

ఇక కెల్విన్ల మాట. 2700 కెల్విన్లు అని యున్న దీపము పాతకాలపు బల్బువలె పసుపుపచ్చగా వెలుగును. 6500 కెల్విన్లు అని యున్నది పగటి వెలుతురువలె తెల్లగా నుండును. ఈ అంకె వెలుతురు రంగును తెలుపునే కాని, దాని పరిమాణమును తెలుపదు. 6500 కెల్విన్ల దీపము మొక్కకు రెండింతలు బలమిచ్చునని తలచుట పొరపాటు. ఆ దీపము క్రింద ఆకుపచ్చ తేటగా కనబడును కనుక దానిని ఎన్నుకొందురు, ఎన్నుకొనుట మంచిదే. అట్లే వాటు అనునది దీపము తినివేయు విద్యుత్తునకు కొలత. ఇన్ని నీళ్లకు ఇన్ని వాట్లు అను పాత సూత్రము గొట్టపు దీపముల కాలమున పుట్టినది. నేటి ఎల్‌ఈడీ దీపములు అదే విద్యుత్తుతో మరింత వెలుతురు నిచ్చుచున్నవి కనుక ఆ సూత్రమును విడిచిపెట్టవలెను.

ఎల్‌ఈడీ ప్రసక్తి వచ్చినది గనుక ఒక చిన్న విశేషము. తెల్లని ఎల్‌ఈడీ దీపము లోపల నుండునది నిజమునకు నీలి దీపమే. దానిపై పూసిన పసుపుపచ్చని పూత ఆ నీలి కాంతిలో కొంత భాగమును మార్చి తెల్లని వెలుతురుగా చేయును. ఆ నీలి దీపమును సాధించినందులకు అకసాకి, హిరోషి అమానో, నకమురా అను ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2014లో భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది. జపాను దేశముననే తకాషి అమానో అను మరియొక అమానో ఉండెను. ఆయన ఛాయాచిత్రకారుడు. 1954లో జన్మించి 2015లో మరణించెను. గాజు తొట్టిలో కొండలను, పచ్చికబయళ్లను తలపించు దృశ్యములను తీర్చిదిద్దు కళను ప్రపంచమునకు పరిచయము చేసినవారిలో ఆయన అగ్రగణ్యుడు. పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో 2015లో ప్రదర్శనకు వచ్చిన ఆయన తొట్టి పొడవు 40 మీటర్లు. దానిలో పట్టు నీరు 1,60,000 లీటర్లు. నేడు మన ఇండ్లలోని నీటి తివాచీలు ఒక అమానో కళకును, మరియొక అమానో దీపమునకును ఋణపడియున్నవి.

ఇప్పుడు అసలు లెక్కకు వత్తము. శేరిలింగంపల్లిలో మిట్టమధ్యాహ్నపు ఎండ నేల మీద సుమారు లక్ష లక్సులుండును. అది ఆకు లెక్కలో దాదాపు 2000 మైక్రోమోలులు. తివాచీ మొక్క కోరునది అందు కొద్ది భాగము మాత్రమే. అడుగు మట్టి మీద 30 మైక్రోమోలులున్నచో మార్సీలియా వంటివి నెమ్మదిగా పెరుగును. 50 ఉన్నచో హెయిర్ గ్రాస్, మాంటీ కార్లో చక్కగా పరచుకొనును. క్యూబా మొక్కకును, గ్లాసోస్టిగ్మాకును 80 వరకు ఇచ్చినచో మంచి ఫలితము కనబడును. ఇవి తూచినట్లు పాటింపవలసిన అంకెలు కావు. అనుభవము మీద ఏర్పడిన హద్దులు.

ఈ మైక్రోమోలులను కొలుచు పరికరము వెల హెచ్చు. సామాన్య గృహస్థునకు అది అక్కరలేదు. లక్సులను కొలుచు చిన్న పరికరము కొద్ది వెలకే దొరకును. తెల్లని ఎల్‌ఈడీ దీపమునకు సుమారు 70 లక్సులు ఒక మైక్రోమోలునకు సమానమని లెక్కవేసికొనవచ్చును. అనగా 2100 లక్సులు 30కి, 3500 లక్సులు 50కి, 5600 లక్సులు 80కి సరిపోవును. తొట్టిలో నీరు పోయకముందు, పరికరమును మట్టి మీద నుంచి, పై నుండి దీపమును వెలిగించి చూడవలెను. నడుమ ఒకమారు, నాలుగు మూలల నాలుగు మారులు చూచుట మంచిది. నడుమ 4000 ఉండి మూలల 1000 మాత్రమే యున్నచో తివాచీ నడుమ మాత్రమే పెరిగి అంచుల వద్ద చిరిగిపోయినట్లుండును.

ఒక ఉదాహరణము తీసికొందము. రెండడుగుల తొట్టి మన ఇండ్లలో సామాన్యము. దాని పొడవు 60, వెడల్పు 30, ఎత్తు 36 సెంటీమీటర్లు అనుకొందము. నిండుగా పోసినచో ఇంచుమించు 65 లీటర్ల నీరు పట్టును. దాని అడుగు వైశాల్యము చదరపు మీటరులో 18 శాతము. ఇంటి గోడలకు బిగించు రెండడుగుల ఎల్‌ఈడీ పట్టీలను రెండింటిని కొని తెచ్చితిమనుకొందము. ఒక్కొక్కటి 10 వాట్లు, 1000 ల్యూమెన్లు. రెండును కలిసి 2000 ల్యూమెన్లు. అట్టి పట్టీ వెలుతురును నలుదిక్కులకు వెదజల్లును గనుక మూడవ వంతు మాత్రమే అడుగునకు చేరినదని లెక్కింతము. అది 660కి పైచిలుకు ల్యూమెన్లు. దానిని అడుగు వైశాల్యముతో భాగించినచో సుమారు 3700 లక్సులు వచ్చును. అనగా 50 మైక్రోమోలులకు కొంచెము పైన. మాంటీ కార్లోకు ఇది చాలును. అంగడిలో తొట్టెల కొరకే ప్రత్యేకముగా అమ్ము ఖరీదైన దీపము లేకున్నను తివాచీ పెరుగునని దీనివలన తెలియుచున్నది. ఆ ప్రత్యేక దీపములలో ఎరుపు, ఆకుపచ్చ, నీలి దీపములు కూడ కలిపియుండుటచే చేపల రంగులు మిసమిసలాడును. వెలుతురును తగ్గించి హెచ్చించు మీట కూడ ఉండును. స్తోమత గలవారు అట్టి దీపమును కొనుటలో తప్పు లేదు.

దీపమును ఎంత ఎత్తున నుంచవలెనను ప్రశ్న కలదు. నీటికి దగ్గరగా నుంచినచో వెలుతురు హెచ్చును కాని సమముగా పరచుకొనదు. పైకి ఎత్తినకొలది వెలుతురు తగ్గి, సమముగా పడును. ఎత్తును మార్చుకొనుటకు వీలైన ఇనుప కొక్కెము గాని, తీగ గాని అమర్చుకొన్నచో దీపము మార్చనక్కరలేకుండ వెలుతురును మార్చవచ్చును. తొట్టి లోతు హెచ్చినకొలది వెలుతురు అడుగునకు చేరుట కష్టమగును. తివాచీ కోరువారు రెండడుగుల లోతు తొట్టికంటె ఒక అడుగు లోతు తొట్టినే ఎన్నుకొనుట సుఖము. అలంకారమునకు వేయు చెట్టు మోడులు కొన్నాళ్లు నీటిని టీ డికాక్షనువలె చేయును. ఆ రంగు కూడ వెలుతురును మ్రింగును. వానిని ముందుగా నీటిలో నానవేసి, రంగు దిగిపోయిన పిదప తొట్టిలో నుంచవలెను.

వెలుతురు ఒక్కటియే మొక్కను పెంపలేదు. నీటిలోని మొక్క వెలుతురున ఉన్నప్పుడు బుడగలుగా వాయువును విడుచుననియు, చీకటిలో విడువదనియు ఇంగెన్‌హౌజ్ అను శాస్త్రజ్ఞుడు 1779లో లోకమునకు తెలిపెను. ఆ ప్రాణవాయువు తయారగుటకు వెలుతురుతోపాటు బొగ్గుపులుసు వాయువు కావలెను. గాలితో సమతౌల్యమున నున్న నీటిలో అది లీటరుకు అర మిల్లీగ్రాము కంటె పెద్ద హెచ్చుగా నుండదు. పైగా అది గాలిలోకంటె నీటిలో పదివేల రెట్లు మెల్లగా ప్రసరించును. ఇట్టి పేద నీటిలో 80 మైక్రోమోలుల వెలుతురు నిచ్చుట, గుప్పెడు మెతుకులు పెట్టి బండెడు పని చెప్పుటవంటిది. మొక్క ఆ వెలుతురును వినియోగింపలేదు. పాచి మాత్రము కొద్ది ఆహారముతోనే ఆ వెలుతురును అందుకొని ఆకుల నంటుకొనును. అన్నిటికంటె తక్కువగా నున్న వస్తువే పెరుగుదలకు హద్దు అను లీబిగ్ సూత్రము పొలమునకు ఎట్లో తొట్టికిని అట్లే.

కావున దీపమును కొనకముందే ఒక నిర్ణయము చేసికొనవలెను. బొగ్గుపులుసు వాయువును సిలిండరు నుండి నీటిలోనికి పంపు ఏర్పాటు చేయదలచితిరా, లేదా? చేయదలచనివారు మార్సీలియా వంటి ఓర్పు గల మొక్కను, 30 మైక్రోమోలుల వెలుతురును ఎన్నుకొని, మూడు నాలుగు నెలలు నెమ్మదిగా వేచియుండవలెను. చేయదలచినవారు లీటరుకు 20 మొదలు 30 మిల్లీగ్రాముల వరకు ఇచ్చుచు, 50 మొదలు 80 వరకు వెలుతురు నీయవచ్చును. అయితే ఇచ్చట ఒక హెచ్చరిక. ఆ వాయువు మితి మీరినచో చేపలకు ఊపిరి సలుపదు. నీటి మీదికి వచ్చి నోళ్లు తెరచును. చీకటిలో మొక్కలు కూడ ప్రాణవాయువును వాడుకొనును. కావున దీపము ఆర్పుటకు ఒక గంట ముందే ఆ వాయువును ఆపవలెను. వేసవిలో మరింత జాగ్రత్త అవసరము. నీరు 25 డిగ్రీలున్నప్పుడు లీటరునకు 8 మిల్లీగ్రాములకు పైన ప్రాణవాయువు నిలుచును. 30 డిగ్రీలకు చేరినచో ఏడున్నరకు పడిపోవును. ఏప్రిల్, మే నెలలలో మన హాలులోని తొట్టి ఆ వేడిని సులభముగా చేరును. ఫిల్టరు నుండి నీరు ఉపరితలమును కదలించుచు పడునట్లు అమర్చుట చేపలకు మేలు.

వెలుతురు ఎంత అనుదానితోపాటు ఎన్ని గంటలు అనునది కూడ విచారింపవలెను. మొక్కలను నాటిన మొదటి మూడు వారములు దినమునకు 6 గంటలు చాలును. అవి వేరూని కొత్త చిగురు వేయుచున్నవని తోచిన పిదప 7 గంటలకు, అవసరమైనచో 8 గంటలకు పెంపవచ్చును. సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల ఇండ్లలో వేళాపాళా వేరు. కొందరు అమెరికా వేళలను బట్టి రాత్రి పని చేయుదురు. ఇంటికి వచ్చి నప్పుడు దీపము వేసి, నిద్ర వచ్చినప్పుడు ఆర్పినచో ఒకనాడు 3 గంటలు, మరొకనాడు 14 గంటలు అగును. మొక్కకు ఇట్టి అక్రమము పడదు, పాచికి పడును. ఒక టైమరు కొని, మధ్యాహ్నము 3 గంటలకు వెలిగి రాత్రి 10 గంటలకు ఆరునట్లు అమర్చినచో 7 గంటలు సరిపోవును. ఇంటిల్లిపాదియు చేరు సాయంకాలమున తొట్టి కన్నులపండువుగా నుండును. విద్యుత్తు పోయినప్పుడు ముల్లు గల టైమరు నిలిచిపోయి, ఆలస్యముగా నడచును. లోపల బ్యాటరీ గల అంకెల టైమరు అట్లు తప్పదు. ఖర్చు సంగతి కూడ చెప్పుదుము. 20 వాట్ల దీపము దినమునకు 7 గంటలు వెలిగినచో నెలకు 4 యూనిట్లకు కొంచెము పైన అగును.

కిటికీ ప్రక్కన తొట్టి నుంచినచో దీపపు ఖర్చు తప్పునుగదా అని కొందరు అడుగుదురు. ఎండ మంచిదే కాని మన అదుపులో నుండదు. ఒక గంట నేరుగా పడిన ఎండ నీటిని వేడెక్కించును, గాజు మీద పాచిని పుట్టించును. ఉత్తరపు కిటికీ అయినచో భయము లేదని భావించువారు ఒక విషయము గమనింపవలెను. హైదరాబాదులో మే 9, ఆగస్టు 3 తేదీల ప్రాంతమున మధ్యాహ్న సూర్యుడు సరిగా నడినెత్తిన నుండును. నిలువు కంబమునకు నీడ పడదు. ఆ రెండు తేదీల నడుమ సూర్యుడు మనకు ఉత్తరముగా నడచును. ఆ దినములలో ఉత్తరపు కిటికీలోనికి కూడ ఉదయ సాయంత్రములు ఏటవాలు ఎండ ప్రవేశించును. కావున తొట్టిని కిటికీకి ఎడముగా, గోడ ప్రక్కన నుంచి, దీపము మీదనే ఆధారపడుట మేలు.

నీరు, విద్యుత్తు ఒకచోట చేరినప్పుడు ప్రాణభయము కలదని మరువరాదు. నీటి తుంపర లోపల చొరకుండునట్లు బిగించిన దీపమునే కొనవలెను. గోడ పట్టీలను వాడువారు నడుమ గాజు మూత తప్పక యుంచవలెను. తొట్టి నుండి మీటకు పోవు తీగ నేరుగా పోక, మీటకంటె క్రిందికి వ్రేలాడి తిరిగి పైకి పోవునట్లు వంపు నీయవలెను. తీగ వెంట జారిన నీటిబొట్టు ఆ వంపు వద్దనే రాలిపోవును. 30 మిల్లీ ఆంపియర్ల లీకునకే విద్యుత్తును తెగగొట్టు రక్షక సాధనము ఇంటిలో ఉన్నదో లేదో విద్యుత్ మేస్త్రీచే చూపించుకొనవలెను. తొట్టిలో చేయి పెట్టకముందు దీపమును, ఫిల్టరును ఆపుట పిల్లలకు నేర్పవలెను.

ఇంతవరకు చెప్పినది ఇంటిలోని సంగతి. ఇందు ఊరికి సంబంధించిన సంగతి కూడ ఒకటి కలదు. దీపము మితిమీరినచో పాచి పుట్టునంటిమి. పాచి పుట్టిన ఇంటివారికి అంగడివారు పాచి తిను చేప యని చెప్పి సక్కర్ చేపను అమ్ముదురు. అది దక్షిణ అమెరికా చేప. కొన్నప్పుడు వ్రేలెడు, పెరిగినచో అడుగునకు మించును. పచ్చని తివాచీని ఒక్క రాత్రిలో పెకలించివేయును. అప్పుడు దానిని ఏమి చేయవలెనో తోచక, చంపుటకు మనసొప్పక, ప్రక్కనున్న చెరువులో విడుచుదురు. విడిచినవారి ఉద్దేశము దయయే కావచ్చును. ఫలితము మాత్రము దారుణము. ఆ చేప గట్టులలో బొరియలు త్రవ్వును, స్థానికపు చేపల తిండిని దోచును, దాని ముండ్లకు జాలరుల వలలు చిరిగిపోవును. దెయ్యపు చేప యని జనులు పిలుచుచున్నది దీనినే. హైదరాబాదులోని సీసీఎంబీకి చెందిన లాకోన్స్ ప్రయోగశాల శాస్త్రజ్ఞులు నీటిలో కలిసిన డీఎన్ఏ జాడను బట్టి ఇది తూర్పు కనుమల జలాశయములలో ఎంతగా వ్యాపించినదో పరిశీలించిరి.

మొక్కల విషయమును ఇంతే. చెరువులను కప్పివేయు గుర్రపుడెక్క ఒకనాడు దాని ఊదాపూవు సొగసును చూచి దక్షిణ అమెరికా నుండి తెచ్చుకొన్న అలంకారపు మొక్కయే. శేరిలింగంపల్లిలో దుర్గం చెరువు, ఖాజాగూడ చెరువు, నల్లగండ్ల చెరువు మేడలకు కూతవేటు దూరముననే యున్నవి. వానిలో చేరు మురుగునీరు మొక్కలకు ఎరువువంటిది. పైన ఎండకు కొరత లేదు. తొట్టిలో కత్తిరించిన తివాచీ ముక్కలు అట్టి చోట పడినచో ఏమగునో ఎవరు చెప్పగలరు? కావున కత్తిరించిన మొక్కను ఎండబెట్టి కుండీలలోని మట్టికి ఎరువుగా వేయవలెను. పెంపలేని చేపను అంగడికో, పెంచగల మిత్రునకో ఇయ్యవలెను. చెరువునకు మాత్రము ఇయ్యరాదు.

శ్రోతలారా, క్రొత్తగా తొట్టి నమర్చువారు ఈ క్రమమును పాటింతురు గాక. మొదట మొక్కను ఎన్నుకొనుడు. దానికి బొగ్గుపులుసు వాయువు నీయగలరో లేదో నిశ్చయించుకొనుడు. ఆ రెండింటిని బట్టి అడుగున ఎన్ని లక్సులు కావలెనో లెక్కవేయుడు. ఆ పిమ్మటనే దీపము కొరకు అంగడికి పొండు. కొన్న పిదప పాచి కనబడినచో మరియొక మందును గాని, మరియొక చేపను గాని కొనుటకు తొందరపడక, దీపమును నాలుగు వ్రేళ్లు పైకెత్తుడు, లేదా ఒక గంట తగ్గించుడు. రెండు వారములు ఓపికపట్టుడు. మొక్క తిరిగి చిగురించుట మీరే చూతురు. దానికి తగినంత వెలుతురు నిచ్చుటయే మన పని. అల్లుకొను పని అది తానే చేసికొనును.